ఉసిరిచెట్టు కింద నూకాలు వడ్డన

గోదావరి రెండు పాయల నడుమ కందిరీగల లంక అని ఒకటుంది. పేరు చూసి భయపడకండి, కందిరీగలు అక్కణ్ణించి ఎప్పుడో లేచిపోయాయి. ఇప్పుడుంటున్నదల్లా వీర్రాజు అనే ముసలి ఎద్దు, మాణిక్యం అనే మేక, సత్తెమ్మ అనే కోడి, దాని పిల్లలు, రేవులో కాస్త నోరు ఎక్కువైన బాతులు. వీళ్ళందరి మంచిచెడ్డలూ తనే చూడాలని పెద్దరికం నెత్తినేసుకున్న నక్క ఒకడున్నాడు, పేరు గుర్నాథం. ఎవరూ అడక్కుండానే ఏర్పాట్లు చెయ్యడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ ఏడు శ్రావణంలో వచ్చిన వరదకి ఓ ఆడపంది ఈ లంకకి కొట్టుకొచ్చింది. పేరు నూకాలు. అరటిబోదెని పట్టుకుని ఒడ్డెక్కిన రోజు నుంచి నూకాలుకి ఒకటే కోరిక. ఇక్కడే ఉండిపోవాలి, తనూ ఈ లంకదే అనిపించుకోవాలి. ఆ అనిపించుకోవడమే కుదరడం లేదు. రేవుకెళ్తే బాతులు పక్కకి జరిగేవి. ఎదురుపడితే మాణిక్యం ముక్కు చిట్లించేది. సత్తెమ్మ ఒక్కతే "ఏవైనా తిన్నావా?" అని అడిగేది, అదీ ఎవరూ చూడనప్పుడు.

సత్తెమ్మ గూడు ఓ కూలిన తాటిమొద్దు కింద ఉంది. ఆ పక్క బురదలోనే నూకాలు పడక. కోడిపిల్లల కువకువలు వింటూ కళ్ళు మూసుకుంటే తనకీ నా అన్నవాళ్ళున్నట్టు అనిపించేది.

కార్తీకం రాగానే గుర్నాథం అందర్నీ వీర్రాజు దగ్గర పోగేశాడు.

"ఆయ్, ఈ ఏడు మన లంకలో వనభోజనాలు పెట్టేద్దామండి! ఎప్పుడూ ఎవరి మూల వాళ్ళు మేసి ఎవరి మూల వాళ్ళు పడుకోవడమేనా? ఉసిరిచెట్టు కింద అందరం ఒకే బంతిన కూచుంటే కలుపుగోలుతనం పెరుగుద్ది."

బాతులు రెక్కలు కొట్టాయి. మాణిక్యం రేగుపళ్ళు తెస్తానంది. వీర్రాజు గుమ్మడికాయలు తన పూచీ అన్నాడు.

"మరి మీ భోజనం ఎలాగండి?" అని సత్తెమ్మ కాస్త దూరంగా జరిగి అడిగింది.

"కార్తీకమాసం కదమ్మా, నీసు మాటెత్తితే చెవులు మూసుకుంటున్నాను. నెలంతా దుంపలూ పళ్ళే." గుర్నాథం కళ్ళు మూసుకుని ఓ దణ్ణం కూడా పెట్టాడు. సత్తెమ్మ మనసు కరిగిపోయింది.

"పిల్లల్ని ఏం చెయ్యమంటారు?"

"అక్కడికి తేకు తల్లీ. చెట్టు మీద గద్దలు తిరుగుతున్నాయి. గూట్లో పెట్టి వాకిలికి రాయి అడ్డం పెట్టు. ఎంతసేపు, భోంచేసి వచ్చెయ్యమూ? ఇంకో మాట. బంతి మధ్యలో ఎవరూ లేవకూడదు. ఆఖరి విస్తరి ఖాళీ అయ్యేదాకా అందరూ కూచోవాల్సిందే. పెద్దల నాటి మర్యాద. ఇహ వడ్డన అంటారా, అది నాకొదిలెయ్యండి. నేను తిరుగుతూనే ఉంటాను."

కూర్చోవడమంటే వీర్రాజుకి అన్నిటికన్నా ఇష్టం. ఆ కట్టుబాటు ఆయనకి తెగ నచ్చేసింది.

పొద వెనకాల నించుని వింటున్న నూకాలు ధైర్యం చేసి ముందుకొచ్చింది. "నేను చిలగడదుంపలు తవ్వి తెస్తానండి. నాకూ ఓ చివర ఆకు వేస్తారా?"

మాణిక్యం గడ్డం ఊపుతూ అంది. "పంది పక్కన కూచుంటే నాకు ముద్ద దిగదమ్మా. ఉన్నమాట చెప్పేస్తున్నాను."

గుర్నాథానికి ఆ మాట బాగా అందొచ్చింది. లంక మొత్తంలో వాసన పట్టే ముక్కు ఏదైనా ఉంటే అది నూకాలుదే. ఆ ముక్కు బంతి చుట్టుపక్కల లేకపోతే తనకే మంచిది. "నిజమే మరి. ఏవనుకోకు నూకాలమ్మా, ఇది పాతకాపుల బంతి. నువ్వు వరదకి వచ్చావు, మళ్ళీ వరదకి ఎటు పోతావో ఎవరు చూశారు? పై ఏడు ఆలోచిద్దాం."

వీర్రాజు ఏదో అనబోయాడు. కానీ ఆయన మాట కూడా మేతలాగే లోపల్నించి పైకి రావడానికి టైం తీసుకుంటుంది. అది నోట్లోకి వచ్చేసరికి మీటింగు ముగిసి అందరూ వెళ్ళిపోయారు.

నూకాలు బురదలోకి పోయి మొహం దాచుకుని ఏడ్చింది. ఆకలేసినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

మర్నాడే వనభోజనాలు. పొద్దున్నే ఎవరో తియ్యగా పిలుస్తుంటే నూకాలుకి మెలకువ వచ్చింది. చూస్తే గుర్నాథం.

"నూకాలమ్మా, రాత్రంతా నా మనసు మనసులో లేదనుకో. నిన్ను వద్దనడం తప్పు. బయల్దేరు, తప్పకుండా రావాలి."

"బంతిలో చోటు లేదన్నారు కదండీ?"

"బంతిలో లేకపోతేనేం? ఓ పక్కన కూచుందువుగాని. మిగిలింది పెడతాం. ఇక్కడ మాత్రం ఉండకు, ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటావు."

నూకాలు మొహం విప్పారబోయి ఆగిపోయింది. గుర్నాథం కాళ్ళనించి ఏదో వాసన. తడిమట్టి, కుళ్ళిన తాటినార, దాంతోబాటు కోడి ఈక. ఈ మూడూ కలిసి ఉండే చోటు లంకలో ఒక్కటే ఉంది.

ఆయన వెళ్ళగానే నూకాలు తాటిమొద్దు వెనక్కి పరిగెత్తింది. ఎండాకులు కప్పి ఉన్నాయి. మూతితో తోసి చూస్తే కింద బొరియ. గూట్లోకి ఇంకో పిడికెడు మట్టి తీస్తే చాలు. పెద్దమనిషికి తన మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో అప్పుడు బోధపడింది. పందిని బంతికి రావద్దంటే పంది ఇంటి దగ్గరే ఉంటుంది. ఇంటి దగ్గరుంటే ఈ మొద్దు పక్కనే ఉంటుంది. నిన్న తెలివి ఎక్కువై ఆ సంగతి మర్చిపోయాడు, రాత్రి గుర్తొచ్చి పొద్దున్నే పరిగెత్తుకొచ్చాడు.

వెళ్ళి అందరికీ చెప్పేద్దామా? చెబితే నమ్మేదెవరు? నిన్నగాక మొన్న వచ్చిన పంది మాటా, లంకంతటికీ పెద్దయిన గుర్నాథం గారి మాటా? నింద వేశావని తననే గోదాట్లోకి తోసేస్తారు. పోనీ ఇవాళ ఇక్కడే కాపలా కూర్చుందామా? ఇవాళ సరే, రేపో? నూకాలు చాలాసేపు ఆలోచించి, చిలగడదుంపలు మూటకట్టుకుని ఉసిరిచెట్టు దారి పట్టింది.

అప్పటికే అరటాకులు పరిచేశారు. వీర్రాజు, బాతులు, సత్తెమ్మ, మాణిక్యం వరసగా కూర్చున్నారు. మాణిక్యం అప్పటికే తన విస్తరి తినేసి ఇంకోటి వేయించుకుంది. గుర్నాథం వడ్డనకి సిద్ధంగా తోక ఆడిస్తూ నించున్నాడు.

నూకాలు తిన్నగా వీర్రాజు ముందుకెళ్ళింది. "బావగారూ, ఒక్క మాటండి. ఇంత ఏర్పాటు చేసినాయన నించుని వడ్డిస్తుంటే, మీకందరికీ మెతుకు ఎలా దిగుతుందండి? మొదటి విస్తరి ఆయనకి వెయ్యొద్దా? వడ్డన నేను చేస్తాను. నాకెలాగూ బంతిలో చోటు లేదు కదా."

"అయ్యయ్యో, నాకొద్దు నాకొద్దు, మీరు తింటే నేను తిన్నట్టే!" అన్నాడు గుర్నాథం కంగారుగా.

ఈసారి వీర్రాజు మాట చప్పున వచ్చేసింది. "కూచో గుర్నాథం. పిల్ల మర్యాద తెలిసిన మాట చెప్పింది."

"కూచోండి, కూచోండి!" అని బాతులన్నీ మొదలెట్టాయి. పొగుడుతుంటే కాదనడం గుర్నాథానికి చేతకాదు. పైగా వద్దని మరీ గింజుకుంటే అనుమానం వస్తుంది. చప్పున మింగేసి లేచిపోదామనుకుని కూలబడ్డాడు.

నూకాలు వడ్డన మొదలుపెట్టింది. దుంపలు, గుమ్మడి ముక్కలు, రేగుపళ్ళు. అందరికీ సమంగా పెట్టింది, గుర్నాథానికి మాత్రం రాశి పోసింది. ఆయన కళ్ళు మూసుకుని గబగబా మింగాడు. చివరి ముక్క గొంతులో ఉండగానే ఇంకో రాశి పడింది.

"చాలు చాలు!"

"చాలంటే ఎలాగండి? మీరు తింటుంటే చూడ్డానికే కదా వచ్చింది."

అదీ మింగాడు. విస్తరి మడవబోతే నూకాలు మూతితో మళ్ళీ విప్పేసింది. "ఇప్పుడే మడిచేస్తారా? ఈ ఎర్రదుంప రుచి చూడందే లేవనిస్తానా?"

"అమ్మా, నాకు అరగదు."

"నా చేతి వడ్డన నచ్చలేదాండి?" నూకాలు మొహం చిన్నబుచ్చుకుంది.

దుంపల రుచికి మాణిక్యం అప్పటికే మెత్తబడిపోయింది. "పెట్టించుకోండి బాబాయ్, పాపం కొత్తమనిషి మనసు కష్టపెడతారా?" అంటూ తన ఆకు ముందుకి జరిపి, "నాకూ ఇంకాస్త వెయ్యి," అంది.

"మీరు పెట్టిన కట్టుబాటేనండి, ఆఖరి విస్తరి ఖాళీ అవ్వాలి," అంటూ నూకాలు గుర్నాథానికి ఇంకో బుట్ట కుమ్మరించింది. ఆయన ఎంత తింటే అంత పెరుగుతోంది. పొద్దు నడినెత్తి దాటింది. పొట్ట బిగిసింది. ఒక్కో ముద్దకీ తాటిమొద్దు వైపు చూస్తున్నాడు.

అంతలో సత్తెమ్మ రెక్కలు దులుపుకుంది. "పిల్లల్ని ఓసారి చూసొస్తానండి, ఎందుకో మనసు పీకుతోంది."

"కూచో! నువ్వు లేవడానికి వీల్లేదు!" గుర్నాథం అరిచిన అరుపుకి బాతులు ఉలిక్కిపడ్డాయి.

నూకాలు ఇంకో దుంప విస్తట్లోకి తోసి, వంగి మెల్లగా అడిగింది. "కడుపులో ఇంకా చోటు అట్టే పెట్టుకుంటున్నారు కదండీ? దేనికోసమండి?"

అప్పటికి గుర్నాథం ఓపిక అయిపోయింది. "అవునే! పొద్దుట్నించి కడుపు మాడ్చుకున్నది నీ మట్టిదుంపల కోసమనుకున్నావా? అక్కడ లేత కోడిపిల్లలు..."

అని నోరు మూసుకున్నాడు. కానీ అప్పటికే మాట బయటపడిపోయింది. ఓ బాతు నోట్లోంచి రేగుపండు జారి కింద పడింది.

సత్తెమ్మ ఒక్క ఎగురు ఎగిరి పరిగెత్తింది. వెనకాలే నూకాలు పరిగెత్తింది. గుర్నాథం కూడా లేవబోయాడు గానీ, వీర్రాజు కాలి డెక్క నెమ్మదిగా వచ్చి ఆయన తోక మీద నించుంది.

"కూచో గుర్నాథం. నీ విస్తరి ఇంకా ఖాళీ కాలేదు."

"బావా, కార్తీకమాసం, జీవహింస మహాపాపం..."

"అందుకే డెక్క తోక మీద వేశాను. తిను."

బొరియ చూసి సత్తెమ్మ గొల్లుమంది. లోపల పిల్లలన్నీ క్షేమంగా కువకువలాడుతున్నాయి. నూకాలు మూతితో రాళ్ళు తోసి ఆ బొరియ పూడ్చేసింది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరిగొస్తుంటే సత్తెమ్మ పక్కన నడుస్తూ ఏడుస్తూ నవ్వుతూ ఒకటే మాట. "నీకు పొద్దున్నే తెలుసా అక్కా? ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే నమ్ముదువా?"

సత్తెమ్మ తల దించుకుంది. "ఇకనించి చెప్పు. నమ్ముతాను."

వాళ్ళు చెట్టు కిందకి వచ్చేసరికి గుర్నాథం విస్తరి ఖాళీ అయింది. వీర్రాజు డెక్క తీశాడు. గుర్నాథం లేచి, తూలి, ఏటి వైపు పడుతూ లేస్తూ పరిగెత్తాడు. ఎవరూ తరమలేదు. తరమాల్సినంత వేగం కూడా ఆయనకి లేదు.

"హమ్మయ్య, ఇక లేద్దామా?" అంది ఓ బాతు.

"లేవకండి," అన్నాడు వీర్రాజు. "ఇంకా ఒకరు తినలేదు."

నూకాలు కంగారుపడింది. "నాదేముందండి, మిగిలింది ఓ పక్కన తినేస్తాను."

"పక్కనెందుకు?" మాణిక్యం గబుక్కున జరిగి తనకీ సత్తెమ్మకీ మధ్య చోటు చేసింది. తన కోసం దాచుకున్న ఆకు తీసి అక్కడ పరిచింది. దాని చివర ఒక్క కొరుకు కూడా కొరకలేదు, మాణిక్యం జన్మలో అది మొదటిసారి. "నిన్న అన్నమాట మనసులో పెట్టుకోకు వదినా. సిగ్గుగా ఉంది. కూచో."

నూకాలు కూర్చుంది. వీర్రాజు లేచి తన కొమ్ములకి బుట్ట తగిలించుకుని వడ్డించాడు. సగం కింద పోశాడు, సగం విస్తరిలో పడింది. తను తవ్వితెచ్చిన దుంపలే అయినా నూకాలు మొదటి ముద్దని చాలాసేపు నములుతూనే ఉంది. అందరూ కూర్చునే ఉన్నారు. నూకాలు విస్తరి ఖాళీ అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.

గుర్నాథం ఆ పొట్టతో ఏరు ఈదలేక, నీళ్ళు మింగుతూ, మునుగుతూ తేలుతూ ఎలాగో అవతలి ఒడ్డుకి చేరాడు. అక్కడ వెల్లకిలా పడుకుని, ఒక్క కోడిపిల్ల ఈక అయినా నోట్లో పడకుండా, నెలంతా నీసు ముట్టనన్న మొక్కు ఒక్క పూటలో నిజంగానే తీర్చుకుని, ఆయాసపడుతూ త్రేన్చాడు.

బంతిలో పక్కవాడికి చోటు లేదని ఎవరైనా అంటే, అలా అన్నవాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో ముందు కనిపెట్టాలి.