పైడమ్మకు దక్కిన సొత్తు

అనగా అనగా, నడిసముద్రంలో ఎవరో గుప్పెడు గవ్వలు చల్లినట్టు కొన్ని పగడపు దీవులు ఉండేవి. అక్కడి జనం చేపలు పట్టుకుని బతికేవారు. నీటి అడుగున పగడపు దిబ్బలు కత్తుల్లా ఉండేవి. దారి తెలియని ఓడలు వాటికి తగిలి పగిలిపోయేవి.

ఓడ పగిలితే ఆ దీవులన్నిటా ఒకటే కట్టుబాటు. దేనిమీద ఎవరు ముందు చెయ్యి వేస్తే అది వారి సొత్తు. మనిషికి ఒక్కటే.

వాటిలో ఒక దీవిలో పైడమ్మ అనే ముసలావిడ వలలు అల్లుకుంటూ ఒంటరిగా ఉండేది. ఒకనాడు ఓడ పగిలింది. అందరూ పెట్టెలకోసం ఈదారు. పైడమ్మ ఒక రాగి గంగాళం మీద కన్ను వేసింది. అంతలో పక్కనే ఒక చెయ్యి మునిగి తేలింది. ఆమె ఆ చెయ్యే పట్టుకుంది. అతను ఓడలో వంటవాడు.

"పైడత్తా, గంగాళం వదిలి తినే నోటిని తెచ్చుకున్నావా?" అని నవ్వాడు దీవి పెద్ద గురప్ప.

"గంగాళం పిలిస్తే పలకదు కదరా!" అంది పైడమ్మ. ఆ పూట ఉన్న ఒక్క చేపనూ రెండు ముక్కలు చేసింది.

మరుసటి ఏడు ఇంకో ఓడ పగిలింది. ఈసారి పైడమ్మ ఒక వడ్రంగిని ఒడ్డుకు చేర్చింది. చేప మూడు ముక్కలైంది. అరాకలి అయినా, ఇల్లు సందడిగా ఉందని ముసలమ్మ మురిసిపోయింది.

మూడోసారి పెద్ద ఓడే పగిలింది. గురప్ప నగల పెట్టెను వాటేసుకున్నాడు. బరువుకు పెట్టె మునిగింది, దాంతో అతనూ మునిగాడు.

"వదిలెయ్ రా!" అని తన పడవలోంచి అరిచింది పైడమ్మ. అతను వదల్లేదు. ఆమె తన నడుముకు తాడు కట్టుకుని దూకి, గురప్ప జుట్టు దొరకబుచ్చుకుంది. పడవలోంచి వంటవాడూ వడ్రంగీ తాడు లాగారు. పెట్టె చేజారి అడుక్కి పోయింది.

ఒడ్డున గురప్ప ఉప్పునీళ్లు కక్కి కళ్లు తెరిచాడు. ఊరంతా చుట్టూ మూగి ఉంది.

"మన కట్టుబాటు ఏమిట్రా?" అంది పైడమ్మ.

"ముందు చెయ్యి వేసినవారిదే సొత్తు."

"అయితే నువ్వు నా సొత్తువి. నా మాట వినాలి."

గురప్ప తెల్లబోయాడు. "ఏం చెయ్యమంటావు అత్తా? నీళ్లు మొయ్యనా? వలలు లాగనా?"

"అవేమీ వద్దు నాయనా. ఇకమీదట ఓడ పగిలితే ముందు మనుషుల్ని తియ్యాలి. సామాను సంగతి తర్వాత. ఈ మాట దండోరా వేయించు."

గురప్ప ఆమె కాళ్లకు మొక్కాడు. ఆ పూటే దండోరా వేయించాడు. అటు తర్వాత ఎప్పుడు ఓడ పగిలినా అందరికంటే ముందు నీళ్లలోకి దూకింది అతనే.

ఆపదలో చెయ్యి అందించి నిలిపిన ప్రాణాన్ని మించిన సంపద లేదు.