పైడిరాజు మాస్టారి కోడింగ్ పాఠం

గొల్లవానిపేట ప్రాథమిక పాఠశాలలో పైడిరాజు అనే మాస్టారు ఉండేవారు. లెక్కల్లో దిట్టే కానీ, తనకు ఫలానాది తెలియదని ఒప్పుకోవడం మాత్రం ఆయనకు చేతనయ్యేది కాదు.

ఒక ఏడాది ఆ బడికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. మూడో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ నేర్పాలన్నారు. మాస్టారిని రెండు రోజుల శిక్షణకు పంపారు. అక్కడ చెప్పింది ఆయనకు ఒక్క ముక్కా బోధపడలేదు. అడిగితే పక్కనున్న కుర్ర టీచర్లు నవ్వుతారేమోనని, అన్నిటికీ తలూపి వచ్చేశారు.

తిరిగొచ్చాక కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డ తియ్యనే లేదు. “కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా ఆదేశాల రూపంలో రాయడమే కోడింగ్” అని నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత రోజూ వల్లె వేయించేవారు.

తనూజ అనే పిల్లకు అది చాల్లేదు.

“మాస్టారూ, తెర మీద బాతును నడిపించొచ్చంట కదా. ఎలాగండీ?” అని అడిగింది.

“వేలెడంత లేవు, నీకెందుకవన్నీ? కూర్చో,” అని కసిరారు మాస్టారు.

తనూజ కూర్చుంది. ఆ తర్వాత ఆ పిల్ల లెక్కల్లో కూడా ఏమీ అడగడం మానేసింది. మాస్టారు అది గమనించారు. గమనించీ ఊరుకున్నారు.

మూడు నెలలకు విద్యాధికారి సుభాషిణి గారు తనిఖీకి వచ్చారు. పిల్లలు నల్లబల్ల మీది వాక్యం గడగడా అప్పజెప్పారు. ఆమె ఒక కంప్యూటరు మీది గుడ్డ తీసి, ఆన్ చేసి, తనూజను పిలిచారు.

“ఏదీ, ఈ బాతును నాలుగడుగులు నడిపించమ్మా.”

తనూజ మీటల మీద వేలు పెట్టి, ఏది నొక్కాలో తెలియక మాస్టారి వైపు చూసింది.

“మాస్టారు చెబుతుంటే వినలేదా? ఇంత అశ్రద్ధ అయితే ఎలా? ఈ కంప్యూటర్లని, వాడుకునే బడికి పంపించేస్తాను,” అన్నారామె.

తనూజ తల దించుకుంది. మాస్టారి పేరెత్తలేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి మాస్టారు ముందుకొచ్చారు.

“పిల్ల తప్పేం లేదండి,” అన్నారు. “నేను చెబితే కదా వినడానికి. నాకే రాదు. రాదని చెప్పుకోలేక, ఇన్నాళ్లూ వీళ్లని వాటి జోలికి పోనివ్వలేదు.”

సుభాషిణి గారు, “ఈ మాట శిక్షణలోనే అంటే మళ్లీ చెప్పేవాళ్లు కదండీ,” అన్నారు. కంప్యూటర్లు తీసుకెళ్లలేదు. ఆ మధ్యాహ్నం అక్కడే ఉండి, ఆదేశాలున్న రంగు ముక్కల్ని తెర మీద ఒకదాని కింద ఒకటి ఎలా పేర్చాలో చూపించారు. మాస్టారు పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని రాసుకున్నారు.

మర్నాడు ఆయన తనూజను దగ్గరికి పిలిచారు.

“ఆ రోజు నిన్ను కసరడం తప్పేనమ్మా. రా, ఇద్దరం చూద్దాం.”

మొదటిసారి బాతు వెనక్కి నడిచింది. పిల్లలతోపాటు మాస్టారూ నవ్వారు.

“ఈ ‘వెనక్కి తిరుగు’ ముక్క ముందు పెట్టాం కదా, అందుకేనేమో మాస్టారూ,” అంది తనూజ.

“ఏమోనమ్మా. మార్చి చూడు.”

మార్చింది. బాతు ముందుకు నడిచింది.

ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల టీచర్లు ఆ బడికి వచ్చి చూసి వెళ్లేవారు. ఎవరైనా మొహమాటపడుతుంటే పైడిరాజు మాస్టారే, “రాకపోతే అడగండి, మా పిల్లలు చెబుతారు,” అనేవారు.

నీతి: తెలియదని ఒప్పుకుంటే పోయేది మన కాసింత బింకమే, తెలిసినట్టు నటిస్తే మనల్ని నమ్ముకున్నవాళ్ల చదువే పోతుంది.