పిడి లేని తలుపులు

బ్రహ్మలింగాచారి గారి దగ్గర ఆరేళ్లుగా వడ్రంగం నేర్చుకుంటున్న వీరబాబుకి ఒకటే బెంగ, గురువుగారు తనకి ఉలి ఎప్పుడిస్తారా అని. ఆ కార్ఖానాలో పద్ధతి అది. శిష్యుడు ఒంటిచేత్తో ఒక ఇంటి పని పూర్తి చేస్తాడు. ఆయన వచ్చి చూస్తారు. ఆ ఇంటివాళ్ల చేత మంచినీళ్లు ఇప్పించుకుని తాగుతారు. నచ్చితే తన ఉలి ఒకటి శిష్యుడి చేతిలో పెడతారు, ఆ రోజు నుంచి వాడు మేస్త్రీ. నచ్చకపోతే ఒక్క మాటా అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోతారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది అంటారు, ఆ రుచి చూసినవాళ్లు.

వీరబాబుకి దొరికిన ఇల్లు రాజమండ్రిలో సుగుణ గారిది. ఆవిడ బ్యాంకు ఉద్యోగి. ఇంట్లో తనూ, తల్లి మాణిక్యమ్మ గారూ ఉంటారు. మొదటిరోజే వీరబాబుని పక్కకి పిలిచి చెప్పింది.

"అమ్మకి ఈమధ్య మరుపు ఎక్కువైంది బాబూ. వంటింట్లో అంత సామాను చూసి గాభరా పడిపోతోంది. కాస్త తేలిగ్గా ఉండేలా చూడు."

తేలిగ్గా అంటే మనవాడికి ఏం అర్థమైందో గాని, కంటికి ఒక్క వస్తువు ఆనకుండా చేసేశాడు. చేశాడని ఊరికే అనకూడదు, ప్రాణం పెట్టాడు. కూల్చేసిన పాత రైసుమిల్లు టేకు దూలాలు వెతికి తెచ్చి కోయించాడు. వంటింటి గోడ పొడవునా పది తలుపులు. టేకు చారలు ఒక తలుపులోంచి పక్క తలుపులోకి ఎక్కడా తెగకుండా సాగుతాయి. తేనెమైనం పట్టించి అరచేత్తో రుద్దాడు. మచ్చుకి ఒక్క పిడి లేదు. మూలన వేలితో నొక్కితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. గోడేదో అలమరేదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

గురువుగారు వచ్చారు. భుజాన గుడ్డసంచి. అందులో ఉలి ఉందని వీరబాబు గుమ్మంలోనే పోల్చుకున్నాడు. ఆయన టేకు మీద చెయ్యి ఆనించి ఆ కొస నుంచి ఈ కొసదాకా నడిచారు.

"చెయ్యి బాగా తిరిగిందిరా," అన్నారు.

వీరబాబుకి ఏడుపొచ్చినంత పనైంది. గురువుగారు ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు.

"దాహమేస్తోందమ్మా. కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

సుగుణ లేవబోయింది. "నువ్వుండవే. ఇంటికొచ్చిన పెద్దమనిషికి నేనిస్తాను," అంటూ మాణిక్యమ్మ గారు వంటింట్లోకి వెళ్లింది.

వెళ్లిన మనిషి ఎంతకీ రాదు. వీరబాబు తొంగి చూశాడు. ఆవిడ ఆ టేకు గోడని అరచేత్తో తడుముతోంది. ఒక తలుపు మధ్యలో నొక్కింది. తెరుచుకోలేదు. పక్కదాన్ని తట్టి చూసింది. అలమర తెరవడం పొద్దున్నే వీరబాబు ఆవిడకి రెండుసార్లు చూపించాడు. ఆవిడ చెంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది. వెనక్కి తిరిగి వాణ్ణి చూసి, తప్పుచేసి దొరికిపోయినట్టు చిన్నగా అడిగింది.

"ఇది మా ఇల్లేనా బాబూ?"

వాడి వెనకనుంచే గురువుగారు లోపలికి వచ్చారు.

"మీ ఇల్లేనమ్మా. వీడే గ్లాసులు దాచేశాడు. చూడండి, నాకూ కనపడట్లేదు." అలా అని వంటింటి గచ్చు మీద చతికిలబడ్డారు. "కూర్చోండి. వాడే తీస్తాడు. తొందరేముంది?"

ఆవిడ కూడా ఆయన పక్కన కూర్చుంది.

వీరబాబు మూడో తలుపు మూల మీద వేలు పెట్టాడు. నొక్కలేదు. బయటికి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఒక్కొక్క స్క్రూ విప్పి, తలుపు మొత్తం ఊడదీసి గోడకి ఆనించాడు. చారలు అన్నిటికంటే అందంగా కుదిరిన తలుపది. లోపల అరలో నాలుగు స్టీలు గ్లాసులు మెరిశాయి.

"ఇవిగో, ఇక్కడే ఉన్నాయి కదా!" మాణిక్యమ్మ గారు లేచి గ్లాసు అందుకుంది. కూజా వంచి నీళ్లు నింపి తెచ్చింది. గురువుగారు ఒక్క బొట్టు మిగల్చకుండా తాగారు.

"ఇంకాసిని తేనా?" అంది ఆవిడ, ముఖం విప్పారగా.

"తెండమ్మా."

వీరబాబు తల ఎత్తలేదు. ఉలి మీద ఆశ వదిలేసుకున్నాడు. రెండో గ్లాసు కూడా తాగి, గురువుగారు సంచిలోంచి ఉలి తీసి వాడి చేతిలో పెట్టారు. ఆయన అరచెయ్యి ఆనీ ఆనీ దాని పిడి నల్లబడింది.

"ఇంత పొరపాటు చేశాక నాకెందుకండీ?" అన్నాడు వాడు.

"ఇంకా తొమ్మిది తలుపులున్నాయి కదరా. వాటికి చేతిపట్టు దేంతో చెక్కుతావు?"

వీరబాబు తను అన్నాళ్లు రుద్దిన ఆ నునుపు వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చెవి మీది పెన్సిల్ తీశాడు.

"అమ్మా, మీ చెయ్యి ఒకసారి ఈ తలుపు మీద పెడతారా? ఎక్కడ వీలుగా ఉంటే అక్కడ."

ఆవిడ చెయ్యి ఆనించింది. వాడు ఆ వేళ్ల పక్కనుంచి నెమ్మదిగా గీత గీస్తున్నాడు.

"గాజులు అడ్డమొస్తున్నాయేమో, తీసెయ్యనా?"

"వద్దండీ, ఉండనివ్వండి," అన్నాడు వీరబాబు. "రోజూ చేతికి ఉండేవే కదా."