పై నుంచి చుట్టిన పట్టీ

వీరభద్రం మాస్టారిని ఎవరేం అడిగినా ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఏనాడూ ఆయన ఇంట్లో దొరకదు, ఎక్కడికో నడిచి వెళ్లి చూసి రావాలి. మొన్న ప్రసూన వచ్చినప్పుడూ అంతే.

ప్రసూనకి ఆ పూట కాలు నిలవడం లేదు. మాస్టారి దగ్గర వృక్షశాస్త్రం చదువుకుని, ఆయన ప్రోద్బలంతోనే ఇంటర్నెట్లో ఎవరైనా చేర్చగల, ఎవరైనా మార్చగల ఉచిత విజ్ఞాన సర్వస్వానికి పాఠాల వీడియోలు తీసి చేరుస్తోంది. మామిడికి అంటు కట్టడం మీద ఆమె తీసిన ఆరు నిమిషాల వీడియోని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రెండు నిమిషాలకి కత్తిరించేశాడు. ఆమె మొహం, నమస్కారం, పేరు, గొంతు అన్నీ పోయి చేతులు మాత్రం మిగిలాయి. పోనీ అంతటితో ఆగాడా? అంటు మీద ప్లాస్టిక్ పట్టీని ఆమె పొరపాటున పై నుంచి కిందికి చుట్టి, నాలుక కరుచుకుని, విప్పి, మళ్లీ కింది నుంచి చుట్టిన ముక్కని అలాగే ఉంచాడు. మాటల హోరులో ఎవరు చూస్తారులే అని, మళ్లీ తీయడానికి బద్ధకించి ఆమె వదిలేసిన ముక్క అది. ఇప్పుడు అదే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

"పేరు తీసేసి తప్పు ఉంచాడు మాస్టారూ! పేరు ఎక్కడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉందిట, ఎవరు చూస్తారు? అసలు ఆ వీడియోనే తీసెయ్యమని ఆ సైటు వాళ్లకి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపనా?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ వెళ్లేసరికి, కడియం దగ్గర ఒక నర్సరీలో కూలికి పనిచేసే సూరీడమ్మ అంటు మొక్కలకి నీళ్లు పోస్తోంది. ఈ ఏడు బాగా అతికినట్టున్నాయే అన్నారు మాస్టారు.

"ఆయ్, ఫోనులో చూసి నేర్చుకున్నానండి. పోయినేడు సగం కుళ్లిపోయాయండి. పనిలోంచి తీసేస్తానన్నారు కూడా. ఎక్కడ తప్పుతున్నానో తెలిస్తే కదండీ! ఓ వీడియోలో ఎవరో పిల్ల అచ్చం నాలాగే పై నుంచి చుట్టి, ఠక్కున విప్పేసి, కింద నుంచి చుట్టిందండి. అప్పుడు వెలిగింది. పెంకుటింటికి కింద నుంచి పెంకులు నేసుకొచ్చినట్టు చుట్టాలి. లేపోతే నీళ్లు లోపలికి దిగిపోవూ?"

"నేనే" అన్న మాట ప్రసూన నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే మొదట చుట్టిన చుట్టు కూడా తనదేనని ఒప్పుకోవాలి. సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చి, ఫోను పట్టుకున్న చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఆ పిల్ల ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి మాస్టారూ, విప్పేటప్పుడు కాస్త నిమ్మళంగా విప్పమని. పదిసార్లు వెనక్కి తిప్పుకుని చూసుకున్నానండి."

తిరుగుదారిలో ప్రసూన నాలుగడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ నడిచింది. రాసిన ఉత్తరం ఫోనులో అలాగే ఉంది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"పంపనా వద్దా? మీరేమీ చెప్పనే లేదు మాస్టారూ."

మాస్టారు చెప్పులకంటిన బురద గట్టు మీద దులుపుకున్నారు.

"ఆ పిల్ల కనిపిస్తే చెప్పమంది కదా సూరీడమ్మ. చెబుతున్నా. విప్పేటప్పుడు కాస్త నిమ్మళంగా విప్పు."