జానెడు తగ్గిన కిన్నెర

అనగనగా ఒక ఊర్ల ఈదయ్య అని కిన్నెర వాయించెటోడు ఉండె. ఊరి పేరు అడగకు, నాకు తెల్వది. ఏటా జాతర నాడు ఆయన కిన్నెర మీట్కుంట కులం కత చెప్పాలె, ఊరంత కూసోని వినాలె. అది ఆ ఇంటి హక్కు.

కిన్నెరంటే ఏందో చెప్త విను. పొడుగు వెదురు కట్టె. దానికింద మూడు సొరబుర్రలు. అవి చేదు సొరకాయలే కావాలె, కూర సొరకాయకు పురుగు పడ్తది. పాదుకే ఎండి, లోపట గింజలు గలగలమన్నంక కొయ్యాలె. పచ్చిది కోస్తే మోత రాదు. కట్టె మీద వేళ్లు పెట్టే మెట్లు, తేనెమైనంతోని అతికిస్తరు. వాటి మీద ఇనుప తీగె. అంతే.

ఒకేడు ఈదయ్య జరమొచ్చి సచ్చిపోయిండు. ఎందుకంటే ఏం చెప్త, సచ్చిపోయిండు. ఆయన పెండ్లాం బాలవ్వ. కతంత ఆమెకు నోటికొచ్చు. అప్పుడు మరిది గాలయ్య వచ్చిండు.

"వదినా, ఆడమనిషివి, నీతోని కాదు. జాతరకు నేను చెప్త. కిన్నెర ఇయ్యి."

"జాతర దాక ఆగు. నాతోని కాకపోతే నువ్వే తీస్కపో, కిన్నెర, కత, రెండూ" అన్నది బాలవ్వ.

ఆ తర్వాత కిన్నెర చేతికి తీసుకున్నది. ఈదయ్యవి పారలసొంటి చేతులు. మెట్టుకు మెట్టుకు నడుమ ఆమె వేలు అందలే. మోత కూడ ఆయన గొంతంత కింద ఉండె. ఆమె పాడితే పాట ఒక దిక్కు, కిన్నెర ఒక దిక్కు.

అప్పుడు తీగె బిగించింది. మోత జర పైకొచ్చింది. ఇంక బిగించింది. వేలు కోసుకపోయింది, తీగె తెగింది.

ఆ తర్వాత కొత్త తీగె కట్టి, మైనం కరగబెట్టి, మెట్లన్ని దగ్గరికి జరిపింది. చేతికి అందినయి గని పాట కుంటింది. గాలయ్య అరుగు మీద కూసోని విన్నడు.

"బాగుంది వదినా. మేకల మందల వాయించు" అన్నడు.

బాలవ్వ మైనం మళ్ల కరగబెట్టింది. మెట్లను మళ్ల పాత జాగలనే పెట్టింది. రెండు దినాలు వాయించలే, ఉత్తగ చూసింది. పైన మెట్లు ఎడంగ ఉన్నయి. కిందికి పోను పోను దగ్గర దగ్గర ఉన్నయి. అప్పుడు పైనుంచి మూడో మెట్టు మీద వేలు పెట్టి మీటింది. అది అచ్చం ఆమె గొంతే. అక్కడినుంచి కింద మెట్లన్ని చేతికందినయి.

అప్పుడు రంపం తెచ్చింది. గాలయ్య ఉరికొచ్చిండు.

"మా అన్న చెయ్యి పట్టిన కట్టె అది. కోస్తవా?"

"మీ అన్న చెయ్యి మన్నుల కలిసింది గాలయ్యా. నా చెయ్యి ఉన్నది."

మూడో మెట్టు కాడ కోసింది. జానెడు కట్టె పోయింది. తీగె చుట్టే బిరడకు కొత్త తొర్ర పెట్టింది. కిందికి రెండు మెట్లు కొత్తయి అతికించింది. కోసిన ముక్కను ఏంజేసిందంటవా? పొయ్యిల పెట్టింది. ఎండిన వెదురు మంచిగ మండుతది.

జాతర నాడు పెద్దమనుషులు పొట్టి కిన్నెరను చూసి గుసగుసలు పెట్టిండ్రు. బాలవ్వ మీటింది, కత ఎత్తుకున్నది. గొంతు, తీగె ఒక్కతీరుగ పోయినయి. మోత సన్నగుండె, గని ఆఖరుకు కూసున్న ముసలోనికి కూడ ఇనొచ్చింది. గుసగుసలు ఆగినయి. పొద్దు గూకే దాక ఎవలు లేవలే.

ఆ తర్వాత గాలయ్య వచ్చి, "ఏదీ, ఇటియ్యి" అన్నడు. ఇచ్చింది. ఆయనవి కూడ అన్నసొంటి చేతులే, కింద కొత్త మెట్టు మీద వేలు పెడితే రెండు మెట్లు మూసుకపోతున్నయి. ఒకసారి చూసిండు, రెండుసార్లు చూసిండు, మూడోసారి తిరిగిచ్చిండు.

"ఇది నా చేతికి రాదు వదినా."

"రాదు" అన్నది బాలవ్వ. "నీ చేతికి తగ్గది ఒకటి చేస్కో, ఇంట్ల వాయించుకో. జాతరకు నేను చెప్త."

కత కంచికి పాయె,
కిన్నెర సంచికి పాయె,
మనం ఇంట్లనే ఉంటిమి,
దుప్పటి కప్పుకుంటిమి.