కొసరుగా పోయిన తెడ్డు

రావులపాలెంలో పేర్రాజు అనే, ఇనుప సామాన్లు చెక్కే లేతు మిషను పనివాడు ఉండేవాడు. చేయి తిరిగినవాడే గానీ, ఏ వస్తువుకైనా తను పడ్డ కష్టాన్ని బట్టే వెల కట్టేవాడు, అవతలివాడికి అది దేనికి పనికొస్తుందో చచ్చినా అడిగేవాడు కాదు.

ఆయన ఇంట్లో ఒక పాత టేబులు ఫ్యాను ఉండేది. అది గాలి కన్నా చప్పుడు ఎక్కువ ఇచ్చేది. పేర్రాజు దాన్ని విప్పి బిగించి, బిగించి విప్పి, చివరికి అమ్మకానికి పెట్టి, కొత్త ఫ్యాను కన్నా ఎక్కువ ధర చెప్పాడు. కొనడానికి వచ్చినతను బిత్తరపోయి, "కొత్తదే ఇంతకన్నా తక్కువకి వస్తది కదండి" అన్నాడు. పేర్రాజు జాలిగా నవ్వి, "కొత్తదాన్ని నేను బాగుచెయ్యలేదు కదండి" అన్నాడు. ఆ ఫ్యాను ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది.

అలాగని పిసినారి అనుకునేరు, కాదు. ఆయన దగ్గర ఏ పని చేయించుకున్నా కొసరు తప్పక దొరికేది. గేటుకి కీలు చేయించుకున్నవాడి జేబులో ఒక నట్టు వేసేవాడు. మోటారు ఇరుసు సానపట్టించుకున్నవాడికి ఒక వాషరు ఇచ్చేవాడు. వాటితో ఏం చేసుకోవాలో తెలియకపోయినా జనం మొహమాటానికి పట్టుకెళ్లేవారు. "కొసరు లేకుండా నా షెడ్డు గడప దాటినవాడు లేడు" అని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

పేర్రాజు జీవితంలో అన్నిటికన్నా ఎక్కువ చెమట పోసింది పూతరేకుల యంత్రం మీద. బోర్లించిన కుండ మీద ఆడవాళ్లు పిండిగుడ్డ లాగి రేకు తీస్తారు కదా, ఆ పని యంత్రం చేత చేయించాలని ఆయన పట్టుదల. ఏళ్ల తరబడి కూర్చుని, ఒక మోటారు, రెండు బెల్టులు, పాత సైకిలు చక్రాలు, రేకు తయారవగానే మోగడానికి ఒక గంట పెట్టి, మొత్తానికి యంత్రాన్ని నిలబెట్టాడు. గంట మాత్రం బ్రహ్మాండంగా మోగేది. రేకు ఒక్కోసారి పళ్లెంలో పడేది, ఒక్కోసారి ఎగిరి షెడ్డు దూలానికి అంటుకునేది. అలవాటున్న మనిషి నాలుగు రేకులు తీసేలోపు యంత్రం ఒకటి తీసేది. దాన్ని కొన్నవాళ్లు లేరు.

ఆ యంత్రం లోపల ఒక తెడ్డు తిరుగుతుండేది. పూతరేకుల పిండి పాలలా పల్చగా ఉంటుంది, కాసేపు వదిలేస్తే బియ్యప్పిండి అడుక్కి దిగిపోయి పైన నీళ్లు తేలతాయి. ఒకరోజు పేర్రాజు భార్య సత్యవేణి అది చూసి, "పిండి కింద కూర్చుంటంటే మీ యంత్రం నీళ్లతో రేకులేస్తందండి" అంది. పేర్రాజు వంటింట్లోకి వెళ్లి ఆవిడ అట్లకాడ తెచ్చి, మెలితిప్పి, రెండు బెజ్జాలు వేసి, ఇరుసుకి బిగించాడు. ఆ మెలికకి అడుగున ఉన్న పిండి తనంతట తానే పైకి లేచి తిరగడం మొదలుపెట్టింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఆ పని అయిపోయింది. అట్లకాడ పోయినందుకు సత్యవేణి మాత్రం నెల్లాళ్లు సాధించింది.

యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు పేర్రాజు. అంటే ఆయన అనుమతి లేకుండా అలాంటిది ఇంకెవరూ తయారు చేయకూడదని ప్రభుత్వం ఇచ్చే హక్కన్నమాట. ఆ కాగితాలు చూసిన విజయవాడ వకీలు ఒకాయన, తెడ్డుకి కూడా విడిగా పేటెంటు తీసుకోమని పట్టుబట్టాడు. "అట్లకాడకి పేటెంటేంటండి, నలుగురూ నవ్విపోతారు" అని గొణుక్కుంటూనే పేర్రాజు దానికీ ఫీజు కట్టాడు.

ఇలా ఉండగా షెడ్డు యజమాని అబ్బులు ఒకరోజు వచ్చి కూర్చున్నాడు. "పేర్రాజుగారూ, షెడ్డు అమ్మేద్దామనుకుంటన్నానండి. దసరాలోపు మీరు కొనుక్కుంటే మీకే. లేదంటే వేరేవాళ్లు కాసుకునున్నారు" అన్నాడు. ఆ షెడ్డు పోతే పేర్రాజుకి లేతు మిషను పెట్టుకోడానికి చోటు లేదు, లేతు తిరగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. చేతిలో చూస్తే అంత డబ్బు లేదు.

సరిగ్గా ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. "మేం పురుగుమందు కొట్టే పంపులు తయారుచేస్తామండి. మీ పేటెంటు విషయం మాట్లాడటానికి మా మనిషి దామోదర్ వస్తాడు" అన్నారు. మీ పేటెంటు అనగానే పేర్రాజు ఛాతీ ఉబ్బిపోయింది. ఏ పేటెంటు అని అడగలేదు. పంపులు చేసేవాళ్లకి పూతరేకులతో ఏం పని అని ఆలోచించనూ లేదు. "చూశావా, నా యంత్రం హైదరాబాదు దాకా వినపడింది" అన్నాడు భార్యతో.

"ఆ గంట మోతకి వినపడే ఉంటదిలెండి" అంది సత్యవేణి. "ఎంత అడగాలో తెలీకుండా కూచోకండి. రాజమండ్రిలో ఝాన్సీగారని, పేటెంట్లకి ఎంతొస్తదో లెక్కగట్టి చెప్తారంట. ఓసారి ఎల్లొద్దాం."

వెళ్లారు. ఝాన్సీగారు పేటెంటు కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "దీన్ని చేయడానికి మీకెంత ఖర్చయింది?" అని అడిగింది. పేర్రాజు అందుకున్నాడు. ఇనుము ఖర్చు, బెల్టుల ఖర్చు, తను మానేసిన నిద్ర, తినకుండా వదిలేసిన భోజనాలు, వేలు నలిగినప్పుడు వేయించుకున్న ఇంజక్షను, ఏదీ వదలకుండా చెప్పుకొచ్చాడు. ఈలోపు ఆవిడ తెప్పించిన టీ చల్లారిపోయింది.

"ఇలాంటివి బజార్లో ఎంతకి పోతున్నాయి?" అని ఆవిడ మళ్లీ అడిగింది.

"ఇలాంటిది ఇంకోటి ఉంటే కదండి" అన్నాడు పేర్రాజు.

"సరే. కొనేవాళ్లకి దీనివల్ల ఎంత కలిసొస్తుంది?"

"అది వాళ్ల గొడవండి, మనకెందుకు?"

"మన లెక్కంతా ఆ గొడవలోనే ఉందండి" అంది ఝాన్సీగారు. "మీ ఖర్చు మీకు బాధ, కొనేవాడికి కాదు. యంత్రం వల్ల ఎవరికీ పని తగ్గడం లేదు. నిజం చెప్పాలంటే దీని హక్కుకి వచ్చేది ఏమీ లేదు, ఇనుము మాత్రం పాత సామాన్లవాడు కొంటాడు. ఇక రెండోది, ఆ తెడ్డు..."

పాత సామాను అనే మాట చెవిన పడగానే పేర్రాజు కుర్చీలోంచి లేచిపోయాడు. తెడ్డు గురించి ఆవిడ ఏం చెప్పబోయిందో వినిపించుకోలేదు. "వెళ్దాం పద" అని భార్యని లేవదీశాడు. ఝాన్సీగారు గుమ్మం దాకా వచ్చి, "ముందు వాళ్లకేం కావాలో అడగండి, ఆ తర్వాతే వెల చెప్పండి" అంది. సత్యవేణి తలూపింది. పేర్రాజు మెట్లు దిగిపోయాడు.

అనుకున్న రోజుకి దామోదర్ వచ్చాడు. మెతక మనిషి. కుర్చీలో కూర్చుంటూనే, "ఆ తెడ్డు గురించి..." అని మొదలుపెట్టాడు. "దానికొస్తానుండండి" అని పేర్రాజు యంత్రం స్విచ్చి వేశాడు. మధ్యాహ్నం దాకా దానికి రాలేదు. బెల్టులు చూపించాడు, చక్రాలు చూపించాడు, గంట చాలాసార్లు మోగించాడు. ఒక రేకు ఎగిరివచ్చి దామోదర్ భుజం మీద వాలింది. అతను దాన్ని ఏం చేయాలో తెలియక తినేశాడు.

చివరికి పేర్రాజు వెల చెప్పాడు. షెడ్డు ధరకి తన కష్టమంతా కలిపితే వచ్చిన మొత్తం అది. దామోదర్ నీళ్లు తాగి, "మేం పంపులు చేసుకునేవాళ్లమండి. మాకీ యంత్రం దేనికి? ఆ తెడ్డుకి విడిగా ఓ వెల చెప్పండి" అన్నాడు.

పేర్రాజు లోలోపల నవ్వుకున్నాడు. సంతలో ఎద్దుని కొనడానికి వచ్చినవాళ్లు, ఎద్దు అక్కర్లేనట్టు మొహం పెట్టి ముందు పలుపు ధర అడగడం ఆయన చాలాసార్లు చూశాడు. ఇదీ ఆ ఎత్తే అనుకున్నాడు. తలుపు చాటు నుంచి సత్యవేణి దగ్గింది. ఆయన తిరిగి చూడలేదు.

"తెడ్డుకి వెలేంటండి, అన్నం ఉడికేలోపు చేసిందాన్ని?" అన్నాడు. "యంత్రానికి కట్టండి వెల. తెడ్డు కొసరు."

"కొసరంటే... ఊరికేనా?"

"కొసరుకి డబ్బు తీసుకున్న చరిత్ర లేదండి మా షెడ్డులో."

"బాగా ఆలోచించే చెప్తున్నారా?" అన్నాడు దామోదర్. ఆలోచించే అన్నాడు పేర్రాజు. సత్యవేణి ఇక ఆగలేక బయటికి వచ్చి, "ఏవండీ, ఓసారి ఝాన్సీగారికి ఫోను చేద్దామండి" అంది. "నా యంత్రాన్ని పాత సామానన్న మనిషికా?" అన్నాడాయన. దామోదర్ వీధిలోకి వెళ్లి ఆఫీసుతో మాట్లాడి వచ్చాడు. "మీరు అడిగినదాంట్లో సగం ఇస్తామండి. రెండు పేటెంట్లూ మావి. మీరన్నట్టే తెడ్డు కొసరు" అన్నాడు. పేర్రాజు ఇంకాస్త గుంజి, దారి ఖర్చులని కొద్దిగా పెంచి, సంతకం పెట్టేశాడు.

"యంత్రం ఎప్పుడు పట్టుకెళ్తారండి?" అని అడిగాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు దామోదర్, కొంచెం త్వరగా.

వచ్చిన డబ్బుకి షెడ్డులో సగమే వచ్చింది. అబ్బులు మధ్యలో గోడ కట్టించాడు. ఇవతలి సగంలో పూతరేకుల యంత్రమే నిండిపోయింది, లేతు మిషను బయట టార్పాలిను కిందికి వెళ్లింది. వాన పడితే పేర్రాజు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఉలి పట్టుకుని పనిచేసేవాడు. అయినా తన యంత్రం హైదరాబాదువాళ్లు కొన్నారని అందరికీ చెప్పుకుంటూనే ఉన్నాడు.

కొన్నాళ్లకి అవతలి సగంలో రామకోటి అనే ఆయన పంపుల కొట్టు తెరిచాడు. పొద్దున్నే తలుపు తీసేసరికి రైతులు బారులు తీరి ఉండేవారు. పేర్రాజు అది చూసి, ఏముందో ఈ పంపుల్లో అనుకునేవాడు.

ఒకరోజు వీధిలో ఎవరింట్లోనో పెళ్లి. పూతరేకులు నేనిస్తానని మాటిచ్చి పేర్రాజు యంత్రం వేశాడు. గంట మోగింది, ఫట్‌మని చప్పుడైంది, లోపల తెడ్డు విరిగింది. "ఏముంది, ఇంకోటి చేస్తాను" అని వంటింటి వైపు వెళ్లాడు. సత్యవేణి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ తెడ్డు మీరు చెయ్యకూడదండి. చేసే హక్కు అమ్మేశారు. అమ్మలేదులెండి, కొసరిచ్చారు" అంది. "కావాలంటే పక్క కొట్లో దొరుకుతది. నా కొత్త అట్లకాడ మాత్రం ముట్టుకోకండి."

పేర్రాజు పక్క కొట్టుకి వెళ్లాడు. రామకోటి ఒక పంపు మూత తీసి చూపించాడు. లోపల, ఆయన వంచిన మెలికతో, ఆయన వేసిన రెండు బెజ్జాలతో, తెడ్డు తళతళలాడుతోంది. విడిగా ధరెంత అని అడిగాడు పేర్రాజు. రామకోటి చెప్పాడు.

"ఈ ముక్కకి అంతా? ఇది చెయ్యడానికి పూట కూడా పట్టదండి. నేనే కనిపెట్టాను."

"అలాగాండి. అయినా రేటు అదేనండి" అన్నాడు రామకోటి. "చెయ్యడానికి ఎంతసేపు పడితే నాకెందుకండి? ఇది లేకపోతే నీళ్లలో కలిపిన పొడిమందు అడుక్కి దిగిపోయి గొట్టం మూసుకుపోద్ది, రైతు చేలో సగం తడవదు, ఆ సగాన్నీ పురుగు తినేస్తది. అందుకని దీనికి ఆ రేటు. ఈ పంపు తప్ప ఇంకోటి అడగట్లేదండి ఎవరూ."

కొనేవాళ్లకి ఎంత కలిసొస్తుందన్న ఝాన్సీగారి మూడో ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది పేర్రాజుకి. రాజమండ్రిలో ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చుని ఉంటే, ఈ గోడ ఇక్కడ ఉండేది కాదు, లేతు మిషను వానలో తడిసేది కాదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. డబ్బు కట్టి తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పాత అలవాటు కొద్దీ, "పోనీ, కొసరేమైనా..." అన్నాడు.

రామకోటి వెతికి వెతికి ఆయన జేబులో ఒక వాషరు వేశాడు. అది దేనికీ సరిపోయేది కాదు.

ఆనాటి నుంచి ఎవరు ఏం చేయించుకోవడానికి వచ్చినా, పేర్రాజు వెల చెప్పేముందు, "ఇది మీకు దేనికండి?" అని అడగడం నేర్చుకున్నాడు. ఫ్యాను ధర కూడా తగ్గించాడు గానీ, అది ఇంకా అమ్ముడుపోలేదు.

నీతి: వస్తువు విలువ దాన్ని చేయడానికి మనం పడ్డ కష్టంలో ఉండదు, అది ఎదుటివాడి కష్టాన్ని ఎంత తీరుస్తుందన్న దాంట్లో ఉంటుంది, అది అడిగి తెలుసుకోకుండా వెల చెప్పినవాడు అసలుదాన్నే కొసరుగా ఇచ్చేసుకుంటాడు.