మంచుకోట గొంగళ్లు

నాకు మిగిలిన మూడు పళ్ల మీద ఒట్టు, ఇందులో ఆవగింజంత అబద్ధం లేదు. అనగనగా ఒక రాజు. ఆయన మీసాలు దువ్వడానికే పన్నెండుమంది బంట్లు. కొనే సరుకు మాత్రం అంతా నాసిరకం. కత్తులు దోసకాయ మీద విరిగేవి, ఏడు కొండల మీది మంచుకోట సిపాయిల గొంగళ్లలోంచి ఏనుగు దూరిపోయేది.

విసిగిపోయి రాజు కొత్త చట్టం చేశాడు. ఏది కొన్నా ముగ్గురు వర్తకులు ధర రాసి, అంటించిన లకోటాలు కుండలో వెయ్యాలి. మూడేళ్లయ్యాక ముగ్గురు కొడుకుల్నీ పిలిచాడు. "మన చట్టం ఎంతవరకు పనిచేసిందో చూసి రండ్రా!"

పెద్దవాడు చట్టం చదివి "భేష్" అన్నాడు. రెండోవాడు కుండ చూసి "భేష్ భేష్" అన్నాడు. చిన్నవాడు మణిధరుడు గడప దాటబోతుంటే, పాలిచ్చి పెంచిన దాది సింగమ్మ చెయ్యి పట్టుకుంది.

"చిన్నదొరా, నా కొడుకు వీరయ్య మంచుకోటలోనే ఉన్నాడు. గొంగళి కప్పుకుంటే చుక్కలు కనిపిస్తున్నాయట. చలి ముదరకముందే ఏదో ఒకటి చెయ్యి నాయనా."

మణిధరుడు కుండలోకి తొంగిచూశాడు. లోపల ఒక ఎలుక బొజ్జ నిమురుకుంటోంది.

"ఏం తిన్నావే?"

"లకోటాల జిగురు దొరా! వర్తకులు ముగ్గురంటారు గానీ జిగురు రుచి ఒక్కటే. చింతగింజల జిగురులో మిరియం కలిపేది ధూమకేశి మాంత్రికుడొక్కడే. మూడు తలపాగాలు మార్చి మూడుసార్లు వస్తాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది."

మణిధరుడు ఏడు సముద్రాలూ ఈదాడు. ఆరోదానిలో ఉప్పెక్కువై నాలుక ఎండుచేపైంది. చిలక దొరికింది.

"నన్ను చంపితే గొంగళ్లెవరిస్తారోయ్? మగ్గాలన్నీ మావాడు ఎప్పుడో మూయించాడు," అంది చిలక.

"నోర్ముయ్!" అని మెడ విరిచాడు. అక్కడ మాంత్రికుడు తాటిచెట్టులా కూలాడు.

గొంగళ్లు కావాలని మళ్లీ చాటింపు వేశారు. వచ్చింది కురుమ మల్లప్ప ఒక్కడే, కూతురు నీలవ్వతో. మాంత్రికుడి కంటపడకుండా దాచుకున్న ఒక్క మగ్గం మీద నేసి తెచ్చిన గొంగళ్లు కొండంత మందం.

సరుకుల కొటారు అధికారి లకోటా అటూ ఇటూ తిప్పాడు. "ఒక్కటే ఉంది. చట్టం మూడంటుంది. చెల్లదు."

"ఇంక వేరే మగ్గాలే లేవు కదయ్యా!" అన్నాడు మల్లప్ప.

"అయితే వచ్చే ఏడు రా."

మణిధరుడు తండ్రి దగ్గరికి పరుగెత్తాడు. "చట్టం పెట్టింది మనం. మనమే తప్పితే ఎలారా?" అన్నాడు రాజు. మణిధరుడు మల్లప్ప గొంగళ్ల మూట భుజానేసుకుని ఏడు కొండలెక్కాడు. వీరయ్య బల్లెం పట్టుకుని గోడకానుకుని ఉన్నాడు, మీసాల దాకా మంచు. ఏడు గొంగళ్లు కప్పినా కదల్లేదు.

ఆ వారమే రాజుగారు దండోరా వేయించాడు: "చట్టం అద్భుతంగా పనిచేస్తోంది! ఈ ఏడు ఒక్క నాసి గొంగళి కూడా కొనలేదు!"

మణిధరుడు నీలవ్వను పెళ్లాడాడు. రాజై, సరుకు మంచిదైతే లకోటా ఒక్కటైనా చాలన్నాడు. వెయ్యేళ్లు ఏలాడు. ఆ వెయ్యేళ్లలో సింగమ్మ ఒక్కరోజు కూడా అతనికి అన్నం కలిపి పెట్టలేదు.

ఏంటే అలా చూస్తావు? లే, పెరట్లోంచి నాలుగు పుల్లలు పట్రా, పొయ్యి ఆరిపోతోంది.